శక్తిశబ్దార్థవిమర్శనము

ప్రతిసంవత్సరమును డిసెంబరు 14వ తేదీని భారతదేశమున శక్తిని పొదుపుచేయుటను గూర్చిన దినోత్సవము జరుపబడుచుండును. అట్టి సందర్భములందు పాఠశాలల బాలబాలికలు పలకలు చేతబట్టి వీథులవెంట నడతురు. శక్తిని పొదుపు చేయవలెననియు, వృథా చేయరాదనియు ఆ పలకలు బోధించును. ఆ బాలురే తరగతిలో గూర్చుండి భౌతికశాస్త్రవాచకము తెఱచినచో, శక్తిని పుట్టింపరాదనియు నశింపజేయరాదనియు, అది రూపము మాత్రమే మార్చుకొనుననియు చదువుదురు. నశింపనిదానిని పొదుపు చేయుటేల? పుట్టింపరానిదానిని ఉత్పత్తికేంద్రములందు ఉత్పత్తి చేయుటెట్లు? ఈ ప్రశ్న తెలివిగల విద్యార్థి కెవనికైనను తోచునదే. తోచినను అడుగువారు కొందఱు. అడిగినప్పుడు తృప్తి కలుగునట్లు సమాధానము చెప్పగలవా రంతకంటె తక్కువ. దోషము విద్యార్థిది కాదు, ఉపాధ్యాయునిదియు గాదు. ఒక్కపదముచేత పెక్కుపనులు చేయించుటవలన గలిగిన చిక్కు ఇది.

శక్తిశబ్దమునకు గల యర్థములు అనేకములు. ఇంద్రకీలాద్రిమీద శరన్నవరాత్రములందు కనకదుర్గను సేవించు భక్తునకు శక్తి దేవత. శబ్దశాస్త్రము చదివినవానికి పదమునకును అర్థమునకును గల సంబంధము శక్తి. కృష్ణాడెల్టాలోని కర్షకునకు వయసు మీఱగా ఉడిగిపోవునది శక్తి. ఇబ్రహీంపట్టణమునందలి తాపవిద్యుత్కేంద్రమున పనిచేయు ఇంజనీరునకు యూనిట్లలో లెక్కించి యమ్మదగినది శక్తి. నలుగురును ఒక్కకృష్ణ నీళ్లే త్రాగుదురు, ఒక్కపదమే పలుకుదురు, కాని యొకరి శక్తి వేఱొకరి శక్తి కాదు. ఈ యర్థములను వేఱుపఱచి, శాస్త్రవాచకములు ఆ పదమును గ్రహించిన తీరు సమంజసమా, దాని స్థానమున ఊర్జశబ్దమును నిలుపవలెననువారి వాదము నిలుచునా, అనునవి యిచట విచారింపబడును.

శక్తిశబ్దము స్వాదిగణమునందలి శక్ ధాతువుమీద క్తిన్ ప్రత్యయము చేరుటచే నేర్పడినది. చేయగలుగుట యని యర్థము. చేయుట వేఱు, చేయగలుగుట వేఱు. కుమ్మరి కుండ చేయునప్పుడే కాక నిద్రించునప్పుడును కుండ చేయ శక్తుడే. కావున శక్తి క్రియ కాదు. క్రియకు ముందుండు యోగ్యత. అమరసింహు డీ పదమును బలము, ప్రాణము, పరాక్రమము మొదలగువానితో నొక్కవరుసలో చేర్చెను. ఆయుధవిశేషముగా వేఱొకచోట చెప్పెను. రాజనీతిజ్ఞులు ప్రభుశక్తి, మంత్రశక్తి, ఉత్సాహశక్తి యని మూడు తెఱగులు చేసిరి. భర్తృహరి వాక్యపదీయమున, కారకమనగా ద్రవ్యము కాదనియు, ద్రవ్యమునందలి శక్తియే కారకమనియు నిరూపించెను. కత్తి కోతకు సాధన మగుట ఇనుపముక్క యగుటవలన గాదు, దానియందలి కోయగల యోగ్యతవలన నని తాత్పర్యము. ఆయుధార్థమును విడిచినచో తక్కిన యన్నింటను ధాత్వర్థము చెడక నిలిచినది.

మీమాంసకులకును నైయాయికులకును ఈ విషయమున జరిగిన వాదము పండితులకు సుపరిచితము. నిప్పు కాల్చును. ప్రతిబంధకమగు మణి దగ్గఱ నున్నచో కాల్చదు. మణిని తొలగించినచో మఱల కాల్చును. నిప్పు మాఱలేదు. కాన నిప్పునందు కంటికి కానరాని దాహకశక్తి యొకటి కలదనియు, మణిచే నది నశించుననియు, మణి తొలగగా మఱల పుట్టుననియు మీమాంసకులు చెప్పిరి. శక్తి యను వేఱుపదార్థ మక్కఱలేదనియు, ప్రతిబంధకము లేకుండుటయు దాహమునకు కారణములలో నొకటి యన్న చాలుననియు నైయాయికులు దానిని త్రోసిపుచ్చిరి. శబ్దశక్తివిషయమున, ఈ పదమువలన ఈ యర్థము తెలియవలెనను నిచ్ఛయే శక్తి యని తార్కికులును, వాచ్యవాచకభావమను వేఱుసంబంధమే శక్తి యని నాగేశభట్టును చెప్పిరి. ఈ వాదములలో దేనియందును శక్తిని తూనికకును కొలతకును తెచ్చినవారు లేరు. ఉన్నదా లేదా యనునదే విచారము. ఎంత యను ప్రశ్న పుట్టలేదు. శాస్త్రప్రసిద్ధమైన శక్తికిని భౌతికశాస్త్రపు శక్తికిని గల ముఖ్యభేద మిదియే.

శాస్త్రములను విడిచి లోకమునకు వచ్చినచో, తెలుగువాడు శక్తి యను తత్సమముతోడనే సరిపెట్టుకొనలేదు. వానికి సొంతమాటలు కలవు. అవి యొక్కొక్కటి యొక్కొక్క భేదమును పట్టి చూపును. లాగునది, నెట్టునది బలము. లోపల నిలువయుండునది సత్తువ. సత్త్వశబ్దభవమగు నీ మాటను డెల్టారైతు మనుష్యునకే కాక భూమికిని వాడును. ఎరువు వేయక పైరువెంట పైరు పెట్టినచో నేల సత్తువ తఱుగునని చెప్పును. చాలసేపు పనికి తాళుట ఓపిక. చెట్టునడిమి గట్టికఱ్ఱ చేవ. మనుష్యునియందు లక్షణచే దార్ఢ్యము. సంస్కృతమున రక్షణార్థకమగు త్రాణశబ్దము తెలుగున దేహపుష్టిని చెప్పును. పని వేగముగా సాగుట జోరు. ఈ యెద్దునకు బలమున్నది గాని ఓపిక లేదని రైతు పలికినచో, మొదట గట్టిగా లాగినను ప్రొద్దెక్కువఱకు లాగజాలదని యర్థము. ఒక్కమాటు లాగు బలమునకును, మొత్తముమీద జరుగు పనికిని గల భేదము వాని కెఱుకయే. ముసలివానిని గూర్చి జవసత్త్వము లుడిగినవందురు. జవము వేగము, సత్త్వము నిలువ. పని జరుగు వడిని, పనికి మూలమగు నిలువను వేఱుగా నెఱిగి యొక్కసమాసమున కూర్చిన యీ వాడుక పరిభాషాకర్తలు చూడదగినది.

పాశ్చాత్యదేశములందును ఈ భేదము లొక్కనాట తేలలేదు. ఇంగ్లీషువారి ఎనర్జీ శబ్దమునకు మూలము గ్రీకుభాషలోని ఎనెర్గెయా. అరిస్టాటిలు దీనిని పనిలో నుండుట యను నర్థమున వాడి, చేయగల యోగ్యతకు డ్యునామిస్ అను వేఱుపదమును నిలిపెను. వ్యుత్పత్తి చూడగా శక్తిశబ్దము డ్యునామిస్సునకు సరిపోవును. ఎనెర్గెయాకు వ్యాపారము, క్రియ యనునవి సరిపోవును. 1807లో అచ్చుపడిన యుపన్యాసములందు థామస్ యంగు ఎనర్జీ పదమును నేటి శాస్త్రార్థమునకు దగ్గఱగా వాడెను. 1847లో హెల్మ్‌హోల్ట్జు శక్తినిత్యత్వమును గూర్చి వ్రాసిన ప్రబంధమునకు పేరు పెట్టుచు, ఎనర్జీ యనక, బలమును చెప్పు క్రాఫ్ట్ అను జర్మనుపదమునే వాడెను. 1853లో రాంకిన్ పొటెన్షియల్ ఎనర్జీ యను పేరు కల్పించెను. మూలార్థమును బట్టి చూచినచో నది, పనిలో లేకయుండియు పనిలో నుండుట యగును. అరిస్టాటిలు శిష్యుడు విన్నచో నవ్వి యుండును. అయినను పదము రూఢి కెక్కినది. రూఢియెదుట యోగార్థము నిలువదు. పంకజమనగా తామర గాని బురదలో పుట్టిన నత్త కాదు గదా.

శాస్త్రమిట్లు పదమును మాఱ్చుకొనుటయే కాక దానికి కొలత యేర్పఱచినది. భౌతికశాస్త్రమున పని యనగా బలమును, ఆ బలపుదిక్కున వస్తువు కదలిన దూరమును గుణింపగా వచ్చు ఫలము. పని చేయగల పరిమాణము శక్తి. పని జరుగు వడి, అనగా సెకనున కెంత పని యను లెక్క, సామర్థ్యము. 75 కిలోల ధాన్యపుబస్తాను హమాలీ యొకడు ఒకటిన్నర మీటరు ఎత్తున నున్న లారీమీది కెత్తినచో బస్తామీద జరిగిన పని సుమారు 1,100 జౌళ్లు. ఇంటిమీటరు చూపు ఒక్కయూనిటు, అనగా ఒక కిలోవాటుగంట, 36 లక్షల జౌళ్లు. వ్యర్థము లేని యంత్రమున్నచో ఒక్కయూనిటుతో అట్టి బస్తాలు సుమారు 3,265 లారీ కెక్కును. దినమునకు 2,800 కిలోకెలోరీల యన్నము తిను శ్రామికుని యాహారమంతయు లెక్కించినను మూడుంబాతిక యూనిట్లే. శాస్త్రపులెక్క ఇంత నిర్దాక్షిణ్యమైనది. మఱియు, ఆ హమాలీ బస్తాను నెత్తిన పెట్టుకొని లారీ వచ్చువఱకు కదలక నిలుచున్నచో బస్తామీద జరిగిన పని సున్న. వాని మెడనరములు మాత్ర మా సున్నను ఒప్పుకొనవు. కండరములలోపల శక్తి వ్యయమగుచునే యుండును, అది వేడిమిగా మాఱుచునే యుండును. శాస్త్రపుపని లోకపుపనికంటె వేఱని ముందుగా చెప్పని యుపాధ్యాయుడు ఆ హమాలీ బిడ్డకు ఈ పాఠమును చెప్పినచో, తండ్రి కష్టము సున్న యని బోధించినట్లే యగును. పరిభాషను హద్దుపఱచుట పండితుల వినోదము కాదనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

తెలుగున ఆధునికశాస్త్రములను వెలయింపవలెనను నుద్యమము 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనతో బలపడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారి కృషిచే శాస్త్రపదములు తెలుగున నిలద్రొక్కుకొన నారంభించెను. 1968లో తెలుగు అకాడమి యేర్పడి, ఉన్నతవిద్యకు వలయు పరిభాషను సమకూర్చెను. నేటి వాచకములందు ఫోర్సు బలముగాను, ఎనర్జీ శక్తిగాను, పవరు సామర్థ్యముగాను, వర్కు పనిగాను స్థిరపడినవి. హిందీలో 1961లో ఏర్పడిన పరిభాషాసంఘము పద్ధతిని బలము బలముగానే యున్నది. ఎనర్జీ ఊర్జ యైనది. శక్తి పవరునకు పేరైనది. విజయవాడలో పదవతరగతి చదివిన బాలుడు కాశిలో హిందీవాచకము చేతబట్టినచో శక్తి యను పదము పరిచితమే యని సంతసించును. కాని తాను నేర్చినశక్తి యచట లేదు. అపరిచితపద మెదురైనచో నడిగి తెలిసికొనును. పరిచితపదము అర్థము మార్చుకొని వచ్చినచో మోసపోవును.

ఈ కారణముచేతనే తెలుగునను ఊర్జశబ్దమును గ్రహింపవలెనని కొందఱందురు. వారి వాదమున బలమున్నది. ఊర్జ్ ధాతువు చురాదిగణమున బలప్రాణనార్థకము. యజుర్వేదము మొదటనే అన్నరసవాచకముగా నీ శబ్దము వినబడును. కార్తికమాసమునకు ఊర్జమని పేరు. డెల్టాలో సార్వావరి గింజ పాలుపోసికొను కాలము సుమారుగా నదియే. ఊర్జితమను పదము తెలుగు పండితులకు కొత్త కాదు. దేవతార్థము, ఆయుధార్థము, శబ్దవృత్త్యర్థము దీని నంటియుండలేదు. దేశమంతట నొక్కపరిభాష యుండుట మేలు. ఇది పూర్వపక్షము.

అయినను ఈ వాదము సిద్ధాంతముగా నిలువజాలదు. మొదటిమాట: ఊర్జయు నిర్మలమైన పదము కాదు. ధాత్వర్థమునందే బలము కలసియున్నది. బలమునకును శక్తికిని భేదము చెప్పబూనినవాడు బలార్థకమగు పదమునే యెన్నుకొనుట చిక్కును తీర్చుట కాదు. రెండవమాట: శక్తిశబ్దమును ఎనర్జీనుండి తీసి పవరున కిచ్చినచో, ఇదివఱకు తెలుగున అచ్చుపడిన శాస్త్రగ్రంథము లన్నియు ఒక్కదినమున తప్పులతడక లగును. తాతచదివిన శక్తి మనుమని శక్తి కాకపోవును. మూడవమాట ముఖ్యమైనది. లోకప్రసిద్ధపదమునకు శాస్త్రమున వేఱర్థము నిచ్చుట దోషము కాదు. పాణిని ఈకారోకారాంతములగు స్త్రీలింగశబ్దములకు నదీసంజ్ఞ చేసెను. గౌరీశబ్దము నది యని విన్న విద్యార్థి యెవడును దానియందు స్నానము చేయబోలేదు. సహజార్థమును సాంకేతికార్థమును తటస్థించినపుడు శాస్త్రమున సాంకేతికార్థమే గ్రాహ్యమని వైయాకరణులు పరిభాష చేసికొనిరి. కాని ఆ శాస్త్రమునందే కరణశబ్దము ఒకచో కారకసంజ్ఞగాను, వేఱొకచో చేయుట యను లోకార్థమునను వచ్చుటచే వ్యాఖ్యాతలు శ్రమపడవలసి వచ్చినది. కాన సంజ్ఞ చేయుటయందు దోషము లేదు. చేసిన సంజ్ఞను ఆ శాస్త్రమునందే విడిచి తిరుగుట దోషము. తెలుగు వ్యవహారమున నేడు పట్టినది ఈ రెండవ జాడ్యము.

దీనికి మూడు నిదర్శనములు చాలును. మొదటిది ఇంధనశబ్దము. బడిలో శక్తి యైన ఎనర్జీ, ప్రభుత్వవ్యవహారమునను పత్రికలయందును ఇంధనమగుచున్నది. ఎనర్జీ వ్యవహారములు చూచు శాఖ ఇంధనశాఖ. సూర్యునివలనను గాలివలనను వచ్చునది పునరుత్పాదక ఇంధనము. ఇంధ్ ధాతువునకు మండించుట యర్థము. ఇంధనమనగా వంటచెఱకు, బొగ్గు, చమురు మొదలగు మండునది. ఎండ యెక్కడ, వంటచెఱకెక్కడ? అంటించుట కేమియు లేకయే శక్తి లభించుటయే ఎండయందును గాలియందును గల విశేషము. ఆ విశేషమునే చంపునట్టి పేరు దానికి పెట్టబడినది.

రెండవది అశ్వశక్తి. ఆవిరియంత్రము పని చేయు వడిని తెలుపుటకై జేమ్సు వాటు, నిమిషమునకు 33,000 అడుగుపౌనులు ఒక గుఱ్ఱపుపని యని నిర్ణయించెను. అది సుమారు 746 వాట్లు. ఇది సామర్థ్యమునకు కొలత. కొన్ని వాచకములు అశ్వసామర్థ్యమని సరిగానే వ్రాసినను, వ్యవహారమున అశ్వశక్తి యనునదే వ్యాపించినది. ఐదు హార్సుపవర్ల మోటారు ఒకటి పూర్తిభారముతో మూడుగంటలు నడచినచో రమారమి 11 యూనిట్లు వ్యయమగును. ఆఱుగంటలు నడచినచో 22 యూనిట్లు. హార్సుపవరు మాఱలేదు, శక్తివ్యయము రెట్టింపైనది. ఈ భేదము గ్రంథములకే పరిమితము కాదు. 2004లో ఆంధ్రదేశమున వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు రాకముందు, రైతులు మోటారు హార్సుపవరు లెక్కను సాలుకింత యని రుసుము కట్టుచుండిరి. ఇండ్లవారు యూనిట్ల లెక్కను కట్టుచుండిరి. అనగా రైతు సామర్థ్యమునకును, గృహస్థుడు శక్తికిని వెల యిచ్చుచుండిరి. రేయింబగళ్లు నీరు తోడినవాడును, వారమునకొక్కనాడు తోడినవాడును సమానముగా కట్టుట న్యాయమా యను విచారము చేయవలెనన్నను మొదట రెండుపదము లుండవలెను. రెంటికిని శక్తియే పేరైనచో ప్రశ్నయే పుట్టదు.

మూడవది మెగావాట్ల వ్యవహారము. నేడు నార్ల తాతారావుగారి పేర నున్న ఇబ్రహీంపట్టణపు కేంద్రమున మొదటి యంత్రము 1979లో 210 మెగావాట్లతో నెలకొన్నది. 210 మెగావాట్లనునది సామర్థ్యము. ఆ యంత్రము దినమంతయు పూర్తిగా నడచినచో వచ్చు 50 లక్షల 40 వేల యూనిట్లు శక్తి. ఇన్ని మెగావాట్ల శక్తి ఉత్పత్తి యైనదని వ్రాయుట, పుట్టికి పండిన ధాన్యమును మైళ్లలో చెప్పుట వంటిది. జనులు మాత్ర మీ విషయమున జాగ్రత్తగానే యున్నారు. ఈ నెల ఇన్ని యూనిట్లు కాలినవని వారందురు. కాలుట యనుటచే వ్యయమైనది నిలువయనియు, వడి కాదనియు తెలియుచున్నది. కరెంటను నొక్కమాటతో ప్రవాహమును, శక్తిని, దీపమును కలగలిపి వ్యవహరించువారును యూనిట్లకడ తప్పు చేయకుండుట గమనింపదగినది. వెల యిచ్చు వస్తువునకు లోకమున అర్థసందేహ ముండదు.

ఇక మొదటి ప్రశ్న. నశింపనిదానిని పొదుపు చేయుటేల? ఇందుకు సమాధానము కృష్ణానదియే చెప్పును. నాగార్జునసాగరమునుండి ఒక టీఎంసీ నీరు నూఱుమీటర్లు క్రిందికి దిగినచో, నష్టములు లెక్కింపకున్న, సుమారు 77 లక్షల యూనిట్ల శక్తి యగును. ఎత్తున నిలిచిన నీటియందు స్థితిశక్తి, దిగునప్పుడు గతిశక్తి, యంత్రము త్రిప్పినపిమ్మట విద్యుచ్ఛక్తి. దిగిన నీరు ఎక్కడికిని పోలేదు. అది 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి చేరి, బందరు, ఏలూరు మొదలగు కాలువలవెంట బాఱి పొలములు తడుపును. కాలువల కెక్కక హంసలదీవికడ సముద్రమున కలిసిన నీరును నశింపలేదు, ఒక్కబొట్టును తఱుగలేదు. అయినను ఆ నీటితో పైరు పండదు, యంత్రము తిరుగదు. తఱిగినది నీరు కాదు, ఎత్తు.

శక్తియు నిట్టిదే. బొగ్గునందలి శక్తిలో సాధారణముగా మూడవవంతునకు కొంచెము మించి మాత్రమే విద్యుత్తుగా మాఱును. తక్కినది వేడిమియై పొగతోడను, యంత్రములను చల్లార్చు నీటితోడను పోవును. విద్యుత్తుగా మాఱినదియు దీపములందును విసనకఱ్ఱలందును పనిచేసి తుదకు గదిలోని గోరువెచ్చనియే యగును. మొత్తము లెక్క సరిపోవును. కాని యా గోరువెచ్చనను ప్రోగుచేసి మఱల దీపము వెలిగింపరాదు. 1852లో విలియం థామ్సన్, పిమ్మట కెల్విను ప్రభువుగా ప్రసిద్ధికెక్కినవాడు, ఈ చెదరిపోవు స్వభావమును ప్రకటించెను. 1865లో క్లాసియస్ దానిని కొలుచుటకు ఎంట్రోపీ యను పేరు, ఎనర్జీ శబ్దమునకు జతగా నుండునట్లు, బుద్ధిపూర్వకముగా కల్పించెను. కాన పొదుపు చేయవలసినది శక్తి పరిమాణమును గాదు, దాని యుపయోగయోగ్యతను. పలకలమీది వాక్యమును, వాచకములోని నియమమును, రెండును సత్యములే. మొదటిది నీటియెత్తును గూర్చియు, రెండవది నీటిని గూర్చియు చెప్పుచున్నవి.

ఈ విషయమున తెలుగుపరిభాష ఇంగ్లీషుకంటె మేలుగా నున్నదని చెప్పవలెను. ఇంగ్లీషున కన్సర్వేషను అను నొక్కపదమే నియమమునకును పొదుపునకును వాడుక. హిందీలో సంరక్షణశబ్ద మట్టిదే. తెలుగువాచకములందు నియమమునకు నిత్యత్వము, జాగ్రత్తకు పొదుపు అని వేఱుపదములు కలవు. నిత్యత్వపదము సార్థకమైనది కూడను. మార్పులేక నిలుచునదే కాక, రూపములు మాఱినను తత్త్వము చెడనిదియు నిత్యమే యని పతంజలి మహాభాష్యమున చెప్పి, బంగారము ఒక యాభరణము చెడి వేఱొక యాభరణ మగుటను దృష్టాంతముగా చూపెను. శక్తినిత్యత్వమను సమాసమును బోధించు నుపాధ్యాయునకు ఇంతకంటె చక్కని సోపానము దొరకదు.

అయితే ఇచ్చట హెచ్చరిక యొకటి యావశ్యకము. పతంజలి దృష్టాంతము బోధకు సాధనము గాని, ప్రాచీనులు శక్తినిత్యత్వము నెఱుగుదురనుటకు ప్రమాణము కాదు. మీమాంసకుల దాహకశక్తి మణిచే నశించి మఱల పుట్టునది. భౌతికశాస్త్రపుశక్తి పుట్టదు, నశింపదు. పేరొక్కటి యగుటచే రెంటిని నొకటిగా చూపి గర్వించుట, నదీసంజ్ఞను బట్టి పాణిని జలశాస్త్రము వ్రాసెననుట వంటిది. శబ్దసామ్యము అర్థసామ్యమును సాధింపదు. ప్రాచీనుల గౌరవము వారు చేసిన విచారములయందు కలదు; చేయని విచారములను వారి కంటగట్టుట గౌరవము కాదు.

ఫలితార్థ మిది. ఎనర్జీకి శక్తిశబ్దమే నిలువదగినది. పవరునకు సామర్థ్యము, ఫోర్సునకు బలము తప్ప వేఱుపదములు వాడరాదు. శక్తిసామర్థ్యములు లోకమున జంటపదములై యొక్కయర్థమునే చెప్పుచుండుటచే, ఈ భేదము పారిభాషిక మని మొదటిపాఠమునందే స్పష్టముగా చెప్పవలెను. అశ్వశక్తిని విడిచి అశ్వసామర్థ్యమునో, జనులెఱిగిన హార్సుపవరునో వాడవలెను. మండనిదానిని ఇంధన మనరాదు. విద్యుత్ శక్తి యని విడదీసి వ్రాయుచున్నవారు విద్యుచ్ఛక్తి యని సంధి చేయకున్నను కొంప మునుగదు గాని, మెగావాట్లను శక్తి యన్నచో మునుగును. హిందీవాచకముల ఊర్జ, శక్తి యను పదములకు తెలుగున సరియగు పదము లివి యని తెలుపు చిన్నపట్టిక పాఠ్యపుస్తకముల చివర చేర్చినచో, దేశమున నొక్కపరిభాష కోరువారి ప్రయోజనమును చాలవఱకు తీఱును.

2020 తరువాత ఆంధ్రప్రదేశమున తెలుగును ఇంగ్లీషును ఎదురెదురు పుటలలో అచ్చుపడిన వాచకములు బాలురకు లభించుచున్నవి. ఎడమపుటలోని పదమును కుడిపుటలోని పదముతో పోల్చి చూచుట నేడు పండితుని పని మాత్రమే కాదు, ఆఱవతరగతి బాలుడును చేయగలపని. ఒకచో శక్తి, ఒకచో ఇంధనము, ఒకచో సామర్థ్యము ఒక్క ఇంగ్లీషుమాటకెదురుగా కనబడినచో, ఆ బాలుడు తనభాషకే శాస్త్రము చెప్పు శక్తి లేదని తలంచును. లేనిది భాషకు శక్తి కాదు, వాడువారికి నియమము. సత్తువను, బలమును, ఓపికను, జోరును వేఱుచేసి చెప్పగల డెల్టారైతుబిడ్డకు నాలుగుసంజ్ఞలు నేర్పుట కష్టము కాదు. ఆ సంజ్ఞలను నేర్పువారు తప్పకుండుటయే కావలసినది.